ఒరేయ్ అని పిలిచే హక్కు ఎవరిది?

(యౌవనుల కూడికలో మా బృందం చేసిన ప్రసంగ పాఠం)



ముద్దుపేర్లు, సరదా తిట్లు అనే అంశం చెప్పగానే మీలో కొందరు నవ్వారు. ఇది కూడా ఒక ప్రసంగమేనా అని పక్కవాళ్ళ చెవిలో అన్నవాళ్ళూ ఉన్నారు. నవ్వండి, పరవాలేదు. నవ్వు గురించే మాట్లాడబోతున్నాం.

మన తెలుగు పిల్లలతో ఎక్కడ కూర్చున్నా పది నిమిషాల్లో ఒక సంగతి తెలిసిపోతుంది. గుంపులో ఎవరి అసలు పేరుతోనూ ఎవరికీ పని లేదు. బుజ్జి, చంటి, పండు, నాని, బుడ్డోడు, బండోడు, పొట్టి, సోడాబుడ్డి. బాప్తిస్మపు పేరు ఒకటి, బడి రికార్డులో పేరు ఇంకొకటి, ఇంట్లో పిలుపు వేరొకటి. రికార్డు పేరు వేరుగా ఎందుకుందో మీలో చాలామంది ఇళ్ళలో తెలుసు. ఆ సంగతికి మళ్ళీ వస్తాం.

మన తాతలు గని పనికో, మిల్లు పనికో, రైలు పనికో, మునిసిపాలిటీ పనికో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. మనలో చాలామందికి తెలుగు బడి లేదు. తెలుగు అక్షరాలు సండే స్కూల్లో నేర్చుకున్నవే. కొందరికి అవీ రావు. అయినా తిట్టే తెలుగు మాత్రం పోలేదు! కన్నడంలో చదివి, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే అబ్బాయి కూడా కాలికి రాయి తగిలితే తెలుగులోనే అరుస్తాడు. కొడుకు ఆలస్యంగా ఇంటికొస్తే తల్లి తెలుగులోనే తిడుతుంది. అందుకే ఈ మాటల్ని చిన్నచూపు చూడకండి. మనకు మిగిలిన తెలుగులో పెద్ద భాగం ఇదే.

మన నాయనమ్మల నోట విన్న తిట్లు ఒకసారి గుర్తు చేసుకోండి. సచ్చినోడా, ఇంతసేపు ఎక్కడికి పోయావురా, అన్నం చల్లారిపోయింది. నీ దుంపతెగ, ఎంత బాగా పాడావే. నీ జిమ్మడ. ఓరి భడవా. అర్థం తీసి చూస్తే అన్నీ శాపాలే. కానీ ఆ నోటితోనే ముద్ద కలిపి పెడుతుంది. మనవడు ముద్దొచ్చిన కొద్దీ తిట్టు పెద్దదవుతుంది.

దీని వెనుక పాత భయం ఒకటుంది. పిల్లలు పుట్టి పుట్టి పోతున్న రోజుల్లో, బతికిన బిడ్డకు ఎవరూ కోరుకోని పేరు పెట్టేవారు. పెంటయ్య, పెంటమ్మ అని. ఎంగిలి విస్తరాకుల మీద పొర్లించి పుల్లయ్య అని. చావు కూడా ఈ బిడ్డను చూసి మొహం తిప్పుకుని పోవాలని ఆ తల్లి ఆశ. మీ చుట్టూ ఉన్న భాషల్లోనూ ఇదే చూస్తారు. తమిళంలో చెత్త అనే అర్థంలో కుప్పన్, కుప్పమ్మ. కన్నడంలో దిబ్బ అనే అర్థంలో తిప్పయ్య, తిప్పమ్మ. మరాఠీలో రాయి అనే అర్థంలో ధోండూ, ధోండిబా. ఒడిశాలో చదివిన మీకు ఫకీర్ మోహన్ సేనాపతి తెలుసు. 1843లో బాలాసోర్‌లో పుట్టిన ఆయనకు మొదట పెట్టిన పేరు బ్రజమోహన్. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోయారు. బిడ్డ జబ్బు పడితే నాయనమ్మ పీర్లకు మొక్కుకుంది, బతికితే నీ ఫకీరును చేస్తానని. బతికాడు. పేరు ఫకీర్ మోహన్ అయింది. ఒరియా సాహిత్యంలో అంత పెద్ద పేరు ఒక ముసలమ్మ భయంలోంచి వచ్చింది.

మనకు దిష్టి మీద నమ్మకం లేదు కాబట్టి ఆ తల్లుల్ని చూసి నవ్వాలని కొందరు యువకులకు ఉబలాటంగా ఉంటుంది. ఉండకూడదు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళు ఆ మాటలు పుట్టించారు.

ఇక బైబిలు సంగతి. కొండమీది ప్రసంగంలో ‘వ్యర్థుడా’ అనే ఒక్క మాట మీద ప్రభువు ఎంత గట్టిగా మాట్లాడాడో మీకు తెలుసు. ఆ ప్రభువే తన స్నేహితులకు ముద్దుపేర్లు పెట్టాడు. సీమోనును కేఫా అన్నాడు. అరమాయికులో అది రాయి. మన వాడలో అయితే ‘బండోడు’ అయ్యుండేది! జెబెదయి కొడుకులిద్దరినీ ఉరుము కొడుకులన్నాడు. ఒక సమరయ గ్రామం తమను చేర్చుకోలేదని, ఆకాశం నుంచి అగ్ని దింపమంటావా అని అడిగిన అన్నదమ్ములు వీళ్ళే. పేరు సరిగ్గా సరిపోయింది. అయినా అగ్ని అడిగినప్పుడు ఆయన నవ్వి ఊరుకోలేదు, గద్దించాడు. తోమాను దిదుమ అన్నారు, అంటే కవల. ఒక యాకోబును చిన్న యాకోబు అన్నారు, మన చిన్నోడిలాగే. కుప్ర నుంచి వచ్చిన యోసేపుకు అపొస్తలులు బర్నబా అని పేరు పెట్టారు, పక్కవాడికి ధైర్యం చెప్పే గుణం చూసి. అసలు ‘క్రైస్తవులు’ అన్న మాట కూడా మనం పెట్టుకున్నది కాదు. అంతియొకయలో ఇతరులు అలా పిలవడం మొదలైంది. తరువాత మనమే దాన్ని సొంతం చేసుకున్నాం. ప్రభువు మీదా మాటలు పడ్డాయి. తిండిపోతన్నారు. నజరేతు నుంచి మంచిదేదైనా వస్తుందా అని నతనయేలు ఊరు పేరు పెట్టి ఎత్తిపొడిచాడు. ఊరి పేరుతో, భాష పేరుతో ఎత్తిపొడుపు పడటం ఎలా ఉంటుందో పరాయి రాష్ట్రంలో పెరిగిన మీకు వేరే చెప్పక్కర్లేదు. తమిళనాట కాలేజీలో ‘గొల్టి’ అని పిలిపించుకున్నవాళ్ళు ఈ గదిలో ఉన్నారు. ముంబయి కామాఠీపురాకు ఆ పేరు రావడానికి కారణం తెలంగాణ వైపు నుంచి వెళ్ళిన కామాఠీ కూలీలు. చెమటోడ్చిన మనుషుల పేరది. ఇప్పుడు ఆ చిరునామా చెబితే ఎదుటివాడు ఇంకేదో అర్థం చేసుకుని నవ్వుతాడు.

ఒకే మాట మనిషిని బట్టి, చోటును బట్టి మారిపోతుంది. చెన్నైలో మన కుర్రాళ్ళు ‘మచ్చా’ అంటారు. అది మచ్చాన్, మన బావ. మనం స్నేహితుణ్ణి బావా అని పిలిచి భుజం మీద చెయ్యి వేస్తాం. హిందీలో బావమరిదిని చెప్పే ‘సాలా’ తిట్టయి కూర్చుంది. చుట్టరికం అదే.

ఇప్పుడు ‘ఒరేయ్’ తీసుకుందాం. స్నేహితుడు ఒరేయ్ అనకపోతే మనకు అనుమానం వస్తుంది, వీడికి కోపం వచ్చిందేమోనని. అంత దగ్గరి పిలుపు అది. మరి మన తాతల్ని సొంత ఊళ్ళో ఎవరు ఒరేయ్ అన్నారు? దొర ఇంటి పదేళ్ళ పిల్లవాడు, తల నెరిసిన పాలేరును. ఆ తాత తిరిగి ఆ పిల్లవాణ్ణి ఒరేయ్ అనగలిగాడా? అనలేడు. బాబూ అనాలి, దొరా అనాలి. ఊళ్ళు వదిలి రావడానికి కూలి డబ్బులొక్కటే కారణం కాదని, మీరు అని పిలిచే చోటు వెతుక్కుంటూ కూడా వచ్చామని మన ఇళ్ళలో పెద్దలు చెబుతారు. అడిగి చూడండి.

కాబట్టి మేము చూసేది ఒక్కటే. ఆ పేరును తిరిగి అనే వీలు అవతలివాడికి ఉందా? నువ్వు నన్ను పొట్టోడా అంటే నేను నిన్ను తాటిచెట్టా అనగలిగితే అది పరాచికం. అనలేక నవ్వు మొహం పెట్టుకుని నిలబడితే అది వేరే. మన తెలుగులోనే మెట్లున్నాయి: పరాచికం, వేళాకోళం, ఎగతాళి, వెక్కిరింత, హేళన. ఏ మెట్టు మీదున్నామో అనేవాడికి తెలియదు. పడేవాడికి తెలుస్తుంది. అక్కా, గుంపులో వాడు కూడా నవ్వుతాడు కదా అని మమ్మల్ని అడుగుతారు. నవ్వకపోతే గుంపులో చోటు పోతుందని నవ్వేవాళ్ళు చాలామంది.

రంగు సంగతి మీకు తెలిసిందే. ‘నల్లోడు’ అనే పిలుపు అబ్బాయి మీద ఎలా ఉన్నా, ‘నల్లపిల్ల’ పెళ్ళిచూపుల దాకా వెంట వస్తుంది. మా ఇంట్లో ముద్దుగానే అంటాం అంటారు తల్లులు. ఆ ముద్దుపేరు పక్కనే పసుపు, సున్నిపిండి, ఫెయిర్‌నెస్ క్రీము డబ్బా ఉంటాయి మరి.

మేము ఎక్కువసేపు ఆగాలనుకున్న మాట ఇంకోటి. ‘వెధవ’. ఎంత మామూలు మాట! ఒరే వెధవా, రారా అంటాం. ఆ మాట ‘విధవ’ నుంచి వచ్చింది. ‘దొంగముండా’ అని ఆడపిల్లను ముద్దు చేస్తాం. ముండ అన్నా విధవే. భర్త పోయిన ఆడమనిషి ఎంత తక్కువంటే, ఎవరిని తక్కువ చేయాలన్నా ఆమె పేరు తెచ్చి అంటిస్తే సరిపోయింది. మన గుడిలో ముందు వరుసలో తెల్లచీరలో కూర్చునే అమ్మలున్నారు. కూడిక అయ్యాక గుమ్మం దగ్గర వాళ్ళ ఎదుటే మనం వెధవా, వెధవా అని పిలుచుకుంటాం. అలాగే కూర బాలేకపోతే ‘చండాలంగా ఉంది’ అంటాం. పాట శ్రుతి తప్పితే ‘చండాలంగా పాడావ్’. చండాలుడు అంటే ఎవరు? ఊరి బయట ఉంచిన మనిషి. మన తాత. కులం బాధ పడ్డ ఇంటి పిల్లలే క్వయర్‌లో ఆ మాట అంటుంటే మాకు ఏం చెప్పాలో తోచదు.

ఇక్కడ ఎవరో అంటారు, మా వాడలో మేము కులం పేరుతోనే ఒకరినొకరం పిలుచుకుంటాం, మాకు బాధ లేదు అని. నిజమే. ఆ మాటలోని ముల్లు మీరు మీ చేత్తో పీకేశారు. అది మీ హక్కు. పై వీధి స్నేహితుడు ఎంత ప్రేమతో అన్నా అతనికి ఆ హక్కు లేదు. అతని నోట ముల్లు అలాగే ఉంటుంది.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి, క్లుప్తంగా చెబుతాం. కాలేజీ విద్యార్థులకు యూజీసీ 2009 ర్యాగింగ్ నిబంధనలున్నాయి. 2016 సవరణలో రంగు, కులం, మతం, ప్రాంతం, భాష, రూపం పేరుతో తోటి విద్యార్థిని మానసికంగా వేధించడాన్నీ ర్యాగింగులో చేర్చారు. ‘గొల్టి’ కూడా అందులోకి రావచ్చు. ఉచిత ఫోన్ నంబరు 1800-180-5522. వైకల్యం ఉన్న మనిషిని పదిమందిలో కావాలని అవమానిస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా జైలు. కులం పేరుతో బహిరంగంగా దూషిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అయితే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనల్ని చేర్చలేదు. బాప్తిస్మం తీసుకున్న దళితుణ్ణి అదే వీధిలో అదే కులం పేరుతో తిడతారు. తిట్టేవాడు మతం అడగడు. చట్టం అడుగుతుంది. రికార్డు పేరు సంగతి మొదట అన్నది ఇందుకే. దీని మీద మన పోరాటం వేరే కూడికలో మాట్లాడుకుందాం.

నాయనమ్మను మాత్రం దిద్దబోకండి. ఎనభై ఏళ్ళ మనిషికి సచ్చినోడా అనొద్దని చెబితే ఆమెకు మీతో మాట్లాడటానికి వేరే మాట ఉండదు. మేము చెబుతున్నది మన తరం గుంపుల గురించి, వాట్సాప్‌లో ఫొటో కింద పెట్టే పేర్ల గురించి, గుడి ఊడ్చే పెద్దాయన్ని ‘ఏయ్’ అని పిలవడం గురించి. ఆయనకూ ఒక పేరుంది. మీలో ఎందరికి తెలుసో చెయ్యెత్తండి.

సరే, చేతులు చూశాం.

ఇప్పుడు చీటీలు పంచుతున్నారు. గుంపులో మిమ్మల్ని ఏమని పిలుస్తారో రాయండి. కింద ‘ఉండనీ’ అనో ‘వద్దు’ అనో ఒక్క మాట రాయండి. అసలు పేరు రాయనక్కర్లేదు, ముద్దుపేరుతోనే మీరెవరో తెలిసిపోతుంది కదా! అందుకే బయటికి చదవం. యూత్ కమిటీ అక్కలిద్దరే చూసి, ‘వద్దు’ అన్న పేర్లు వాడేవాళ్ళతో విడిగా మాట్లాడతారు. రాసి ఆ కానుకల సంచిలో వేసి, టీకి రండి.