మంచు దిగిన నేల
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రెవిన్యూ శాఖలో గుమాస్తాగా ఉన్నప్పుడు గోదావరి లంక భూముల ఫైళ్లు చాలా చూశాను. ఏరు ఒక గట్టు కోసి మరో గట్టున మేట వేసేది. సముద్రంలోంచి కూడా కొత్త నేల లేస్తుందని మాత్రం రిటైరయ్యాక చదివే తెలుసుకున్నాను.

అలాస్కాలో గ్లేసియర్ బే అనే ఫియర్డ్ ఉంది. హిమానీనదం కొండల మధ్య తొలిచిన లోయలోకి సముద్రం చొచ్చుకొస్తే దానిని ఫియర్డ్ అంటారు. 1750 ప్రాంతంలో ఆ పాయ నిండా మంచే. 1794లో కెప్టెన్ వాంకూవర్ మనుషులు వెళ్లేసరికి ముఖద్వారానికి కొద్ది కిలోమీటర్లలోనే మంచుగోడ అడ్డంగా ఉంది. 1879లో జాన్ మ్యూర్ వెళ్లేనాటికి ఆ గోడ ఎంతో లోపలికి పోయింది. 1916 నాటికి సుమారు 100 కిలోమీటర్లు వెనక్కి తగ్గింది.

అంత మంచు బరువుకు కుంగిన నేల, బరువు తీరాక మెల్లగా లేస్తోంది. పక్కనున్న గస్టావస్ ఊళ్లో ఏడాదికి సుమారు 3 సెంటీమీటర్లు లేస్తోందట. నార్వేలో ఓస్లో పరిసరాల్లో, హిమయుగం ముగిసిన నాటి సముద్రతీరపు గుర్తులు నేటి మట్టానికి 200 మీటర్లకు పైగా ఎత్తున కనిపిస్తాయి. లోకమంతటా సముద్రం పెరిగినా, అక్కడ నేల అంతకన్నా ఎక్కువ లేచింది.

గ్లేసియర్ బేలో హూనా ట్లింగిట్ ప్రజలుండేవారు. మంచు ముందుకొచ్చి వారిని ఊళ్లు వదిలించింది. మంచు తగ్గాక చూస్తే, 1925లో ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని రక్షిత ప్రదేశం చేసింది. చివరికి 2016లో బార్ట్‌లెట్ కోవ్ వద్ద వారి వంశాల ఉమ్మడి గృహం వెలసింది. సొంత నేల మీద మళ్లీ కప్పు వేసుకోవడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది!

మరి కరిగిన నీరు ఎక్కడికి పోతుంది? సముద్రంలోకే. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. అక్కడిలా లేచే నేల మన ఉప్పాడకు లేదు. అక్కడి కోతకు వేరే కారణాలూ ఉన్నాయి గానీ, మట్టం పెరిగితే కోత హెచ్చుతుంది. తీరాన స్థలం కొనే పిల్లలకు ఒక్కమాట చెప్పండి: దస్తావేజుతో పాటు పాత గ్రామ పటం తెప్పించి, నాటి తీరం ఎక్కడో, నేటి తీరం ఎక్కడో కొలిపించుకోమనండి.

బరువు దిగాక లేవడానికి నేలకే వేల ఏళ్లు పడుతోంది. మన మోకాళ్లను తప్పుపట్టకండి!