పన్ను తప్పించు పన్నాగములు

(బ్రిటనునందు కాంట్రాక్టు పనులు చేయు తెలుగువారి సభలో నిచ్చిన ఉపన్యాసము)



మీలో పెక్కుమంది కంప్యూటరు పనులను, కొందరు ఆసుపత్రులలోని పనులను కాంట్రాక్టు పద్ధతిని చేయుచున్నారు. ఏజెన్సీ పనిని చూపును. జీతము మాత్రము అంబ్రెల్లా కంపెనీ చేతిమీదుగా వచ్చును. ఈ గొడుగు కంపెనీలలో న్యాయముగా నడచునవి కలవు. ఆ పేరు చాటున పన్ను తప్పించు పన్నాగములను విక్రయించునవియు కలవు. ఈ రెండవ తెగను గుర్తించుట ఎట్లన్నదే నేటి విషయము.

ప్రకటనలను అట్లుంచి మొదట లెక్క చూతము. 2025-26 రేట్ల ప్రకారము ఇంగ్లండులో ఏడాదికి 60,000 పౌనుల కాంట్రాక్టు అనుకొనుడు. కంపెనీ తన రుసుమును, వేయి పౌనులనుకొందము, అందుండియే తీసికొనును. యజమాని కట్టవలసిన నేషనల్ ఇన్సూరెన్సు, అనగా 5,000 పౌనులు మించిన జీతముపై నూటికి 15, అర శాతము అప్రెంటిస్‌షిప్ లెవీ, ఇవియు అందుండియే పోవును. మిగులు జీతము సుమారు 51,700. ఇందు 12,570 పౌనులకు పన్ను లేదు. ఆపైన 50,270 వరకు నూటికి 20, ఆ మీద 40. పన్నును, మీ వంతు ఇన్సూరెన్సును పోగా చేతికి వచ్చునది ఇంచుమించు 40,500. పెన్షను మాట కలుపలేదు. అనగా నూటికి 67 లేక 68. ఇట్టి కాంట్రాక్టునకే "నూటికి 85 మీ చేతికి" అని ఒకడు చెప్పినచో, ఆ పై 17 ఎచటినుండి వచ్చినవని అడుగుడు.

అవి వచ్చు మార్గము ఇది. కనీసవేతనమునకు సరిపోవునంత జీతమును పేస్లిప్పులో చూపి దానికి మాత్రము పన్ను కట్టుదురు. తక్కిన సొమ్ము మరియొక పేరుతో బ్యాంకులో పడును. మొదట దానిని రుణమనిరి. ఐల్ ఆఫ్ మాన్ వంటి చోట్ల ట్రస్టును నెలకొల్పి, అది మీకు అప్పిచ్చినట్లు పత్రములు వ్రాసిరి. ఆ అప్పును ఎవ్వరును తిరిగి అడుగరట! రుణమను మాటకు అపకీర్తి వచ్చిన పిమ్మట గ్రాంటు, యాన్యుయిటీ, అడ్వాన్సు అని పేళ్లు మార్చిరి. తీర్చనక్కరలేని అప్పు అప్పెట్లగును? గ్లాస్గో రేంజర్సు ఫుట్‌బాలు క్లబ్బు వ్యాజ్యములో 2017 జులైలో సుప్రీంకోర్టు, పనికి ప్రతిఫలముగా ట్రస్టునకు చెల్లించిన సొమ్ము జీతమేయని తీర్పు చెప్పినది.

అంతకు ముందే 2016 బడ్జెట్టులో "లోన్ ఛార్జి" ప్రకటింపబడినది. 2019 ఏప్రిల్ 5 నాటికి తీరక మిగిలిన ఇట్టి రుణములన్నిటిని ఒక్క ఏటి ఆదాయముగా లెక్కించి పన్ను విధించిరి. తొలుత 1999 నుండి తీసికొన్న అప్పులన్నియు దీని పాలబడెను. సర్ ఏమియాస్ మోర్స్ విచారణ పిదప 2019 డిసెంబరులో ఆ హద్దును 2010 డిసెంబరు 9కి మార్చిరి. ఏనాటి వ్యవహారములనో త్రవ్వి తీయుట క్రూరమని పార్లమెంటులోనే పలువురు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ నాకును న్యాయముగానే తోచుచున్నది. కాని భారము ఎవరిపై పడినదో గమనింపుడు. పన్నాగము నమ్మినవాడు రుసుము పుచ్చుకొని తొలగిపోయెను. సంతకము చేసినవాడు ఇల్లు అమ్ముకొనవలసి వచ్చెను.

ఇక ప్రకటనలలోని మాటలు. "హెచ్.ఎం.ఆర్.సి. ఆమోదము కలదు" అన్నచో అది అబద్ధము, ఆ పన్నుల శాఖ ఏ పన్నాగమును ఆమోదింపదు. "మాకు రిఫరెన్సు నంబరు కలదు" అందురు. 2004 చట్టము ప్రకారము ఇట్టి ఏర్పాటులను ఆ శాఖకు తెలుపవలెను. తెలిపినప్పుడు ఒక నంబరు ఇత్తురు. అది యోగ్యతాపత్రము కాదు, నిఘాకు గుర్తు. "పెద్ద బారిస్టరు అభిప్రాయ మిచ్చినాడు" అందురు. ఆ అభిప్రాయము అమ్మువాని కోసము వ్రాసినది, మీ సంగతి ఆ బారిస్టరు ఎరుగడు. 2022 నుండి ఆ శాఖ ఇట్టివారి పేళ్లను ప్రకటించుచున్నది. ఆ పట్టికలో పేరు లేనంతమాత్రమున కంపెనీ నిర్దోషి యనుకొనరాదు.

మరియొక మాట. మనలో పలువురు ఈ వలలో పడుట పత్రికాప్రకటనవలన కాదు, తోడి ఉద్యోగి చెప్పుటవలన. మిత్రుని చేర్చినచో బహుమానమని కంపెనీ ఆశ చూపును. తెలుగులో చెప్పినాడని మాత్రము నమ్మకుడు.

వీసాలపై నున్నవారికి ఇది మరింత ప్రమాదము. హోం ఆఫీసునకు చూపిన ఆదాయము, పన్నుల శాఖకు చూపిన ఆదాయము ఒకటి కాలేదని కొందరు వృత్తినిపుణులకు శాశ్వతనివాసము నిరాకరించిరి. నిజాయితీ లేదని నిర్ణయించుటకు ముందు సంజాయిషీ చెప్పుకొను అవకాశము నీయవలెనని 2019 ఏప్రిల్‌లో అప్పీలు న్యాయస్థానము చెప్పినది. ఆ కేసులు ఈ పన్నాగములవి కావు. అయినను రెండు లెక్కలు గలవాని గతి అందు తెలియును.

పేస్లిప్పులోని నికర జీతమును బ్యాంకులో పడిన మొత్తముతో పోల్చుడు. నెలకు రెండు చెల్లింపులు వచ్చుచున్నవా? రెండవదానిపై పన్ను లేదా? ఇదివరకే చిక్కినవారు మరుసటి ఏటికి ఆగవలదు. వడ్డీ పెరుగుచునే యుండును. ఆ కంపెనీ చూపిన సలహాదారును విడిచి, దానితో సంబంధము లేనివానిని సంప్రదించి పన్నుల శాఖకు తెలియజేయుడు. స్వల్పాదాయము గలవారికి టాక్స్‌ఎయిడ్ అను ధర్మసంస్థ ఉచితముగా తోడ్పడును. పేస్లిప్పులు వెంట తెచ్చినవారు సభ ముగిసిన పిమ్మట ఉండుడు, కలసి లెక్క చూతము.