కంతి కాని నీడ

దగ్గుతో బాధపడు ఆరునెలల బిడ్డకు ఎక్స్‌రే తీయించితిరనుకొనుడు. గుండెకు పైన, తరచు కుడివైపున, గాలి నిండిన తెరచాపవలె ముక్కోణపు తెల్లని నీడ యొకటి అందులో కనబడవచ్చును. "ఎదలో కంతి యున్నదేమో" అను మాట చెవిని బడినంతనే తల్లికి కాళ్లు చల్లబడును. పెక్కు సందర్భములలో అది కంతి కాదు; రొమ్ముటెముక వెనుక శిశువునకు ఉండవలసిన థైమస్ గ్రంథి. శైశవమున అది ఎదలో చాల చోటు నాక్రమించును; యౌవనము వచ్చిన పిమ్మట క్రమముగా కుంచించుకొని క్రొవ్వుగా మారును.

ఈ పొరపాటు ఒకప్పుడు ఎంత అనర్థమును తెచ్చినదో వినుడు. పందొమ్మిదవ శతాబ్దిలో వైద్యశాస్త్రజ్ఞులు కోసి చూచిన దేహములు చాలవరకు దీర్ఘరోగములతో, పస్తులతో మరణించిన పేదలవి. రోగమునకును ఆకలికిని ఈ గ్రంథి త్వరగా కృశించును. ఆ కృశించిన గ్రంథియే సహజమైనదని వారు కొలతలు వేసికొనిరి. ఆరోగ్యముగా నుండి హఠాత్తుగా మరణించిన శిశువును పరీక్షింపగా గ్రంథి పెద్దదిగా కనబడెను. అదియే గాలిగొట్టమును నొక్కి చంపినదని తీర్మానించిరి. పస్తులున్నవాని దేహమును కొలబద్దగా పెట్టుకొని, పుష్టిగల శిశువును రోగి యనిరి!

1907లో అమెరికాలోని సిన్‌సినాటీ నగరమున ఫ్రీడ్‌లాండర్ అను వైద్యుడు ఎక్స్ కిరణములతో ఆ గ్రంథిని కుదించెను. అటుపిమ్మట కొన్ని దశాబ్దులపాటు ఆ దేశమున వేలకొలది పసివారికి ఈ చికిత్స చేసిరి. గ్రంథి చిన్నదైనది, తల్లిదండ్రులు సంతోషించిరి. కాని దానికి పైన మెడలోనున్న థైరాయిడ్ గ్రంథికి కూడ ఆ కిరణములు సోకినవి. 1950లో డఫీ, ఫిట్జ్‌జెరాల్డ్ అను వైద్యులు థైరాయిడ్ కాన్సరు వచ్చిన 28 మంది పిల్లల వృత్తాంతములను పరిశీలింపగా, వారిలో పలువురకు శైశవమున ఈ చికిత్స జరిగినట్లు తేలినది. దేహమునకు రోగనిరోధక శక్తి నొసగుట ఈ గ్రంథి పని యని 1961లో లండనులో జాక్ మిల్లర్ చుంచెలుకలపై పరిశోధించి చూపెను. అంతవరకు అది యెందుకున్నదో సరిగా తెలియకయే దానిని కాల్చిరి.

నేటి వైద్యులకు గుర్తులు తెలియును. సహజమైన గ్రంథి మెత్తనిది. ప్రక్కటెముకల ఒత్తిడికి దాని అంచు అలవలె వంపులు తిరుగును, గాలిగొట్టమును ప్రక్కకు నెట్టదు. సందేహమున్నచో అల్ట్రాసౌండు పరీక్ష చాలసార్లు సరిపోవును; దానిలో ఎక్స్ కిరణముల బెడద లేదు. అచ్చట నిజమైన కంతులును అరుదుగా పుట్టును గనుక, ఆ నిర్ణయము మాత్రము రేడియాలజిస్టుకే విడువవలెను.

చిక్కు పూర్తిగా తొలగలేదు. కాన్సరుకు మందులు తీసికొన్న పిల్లలలో ఈ గ్రంథి మొదట కుంచించుకొని, చికిత్స ముగిసిన కొన్ని నెలలకు మరల పెరుగును. ఒక్కొక్కప్పుడు మునుపటికన్న పెద్దదగును. స్కానులో దానిని చూచి రోగము తిరుగబెట్టినదని భయపడుట కలదు. అట్టి సమయమున వైద్యుడు పాత చిత్రములను ప్రక్కన పెట్టి పోల్చి చూచును. కొంతకాలము ఆగి మరల తీయింపుమనవచ్చును. కనుక చికిత్స ముగిసినదిగదా యని పాత స్కానులను అటకమీద పడవేయక, ఆసుపత్రికి వెళ్లునప్పుడెల్ల వెంట తీసికొనిపొండు.