కొల్లేటి కథ – నీరు, నేల, ప్రజలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు జరిగిన ఉపన్యాసము)



ఒక ప్రాంతపు చరిత్ర రాజుల శాసనములయందు మాత్రమే యుండదు. అక్కడి నీటియందును, వలయందును, వాడుక మాటయందును గూడ ఉండును. కొల్లేటి లంకలకు ఈ మాట మిక్కిలి తగును. గోదావరియు కృష్ణయు తెచ్చిన ఒండ్రుతో రెండు డెల్టాలు సముద్రము వైపు పెరుగగా, వాని నడుమ పూడక మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులును, డెల్టా మురుగుకాలువలును ఇందు వచ్చి కలియును. నీరు వెలుపలికి పోవుటకు మాత్రము ఉప్పుటేరొక్కటియే దారి. అది సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతమును చేరును. వచ్చు దారులు పెక్కు, పోవు దారి యొకటి. కొల్లేటి భాగ్యమును, కష్టమును ఈ యొక్క విషయమునందే యిమిడి యున్నవి.

ఈ సరస్సు పేరు చరిత్రకు కొత్తది కాదు. చాళుక్య రాజగు రెండవ పులకేశి విజయములను రవికీర్తి వర్ణించిన 634వ సంవత్సరపు ఐహోలు శాసనమున, యుద్ధములో నెత్తుటితో ఎఱ్ఱబారిన ‘కునాళ’ జలముల ప్రసక్తి గలదు. ఆ కునాళమును చరిత్రకారులు కొల్లేరుగా గుర్తించిరి. సరస్సునకు ఉత్తరమున నున్న పెదవేగియే శాలంకాయనులకు రాజధానియైన వేంగి.

శాసనములు చెప్పని దానిని జనులు కథగా చెప్పుకొనిరి. లంకయందలి కొల్లేటికోటలో గజపతుల దుర్గ ముండెననియు, చుట్టును నీరుండుటచే శత్రువులు దానిని సమీపింపలేక, సరస్సు నెండగట్టుటకై ఉప్పుటేటిని త్రవ్విరనియు చెప్పుదురు. ఆ పోరులో ఒక సేనాపతి తన కూతురినే బలి యిచ్చెననియు, ఒక పాయకు పేరంటాలకనుమ యను పేరు ఆమె వలననే కలిగెననియు ఆ గాథ. ఇది చరిత్ర యగునో కాదో గాని, నీరే ఈ లంకలకు కోటగోడ యను సత్యమును పూర్వులు గ్రహించిరని దీనివలన తెలియుచున్నది. కొల్లేటికోటలో వెలసిన పెద్దింట్లమ్మకు ఫాల్గుణమాసమున జరుగు జాతరకు నేటికిని దూరప్రాంతముల నుండి భక్తులు వచ్చుచున్నారు.

పూర్వము ఇచటి జీవనము నీటి రాకపోకల ననుసరించి సాగెడిది. వానకాలమున సరస్సు పొంగి లంకలను చుట్టుముట్టెడిది. తాటిదోనెలే బండ్లు, నీరే బాట. వడ్డీలు మావులు వేసి, వలలు పన్ని కొరమీనును, వాలుగను, జెల్లను, మట్టగిడసను పట్టెడివారు. వేసవిలో నీరు తీసిన వెనుక బయటపడిన నేలలో వరి నాటెడివారు. కిక్కిస, తుంగ యింటి కప్పునకును, చాపకును అక్కరకు వచ్చెడివి. ఒకే నేల ఒక ఋతువున చేపను, వేరొక ఋతువున గింజను ఇచ్చెడిది.

పక్షులకును ఇది పుట్టినిల్లు. పక్షిశాస్త్రజ్ఞులు కె. కె. నీలకంఠన్ గారు 1946లో పశ్చిమగోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామమున తాటిచెట్లపై గూళ్ళు కట్టుకొన్న గూడబాతులను వేలకొలదిగా చూచి, ఆ విషయమును లోకమునకు తెలిపిరి. 1974 నాటికి ఆ గూళ్ళు శూన్యమయ్యెను. గూడబాతులు మరల కైకలూరు చేరువనున్న ఆటపాకలో గుమిగూడినవి. చెట్లు చాలనందున అటవీశాఖవారు అచట ఇనుప మంచెలు నిలిపిరి. ఆ పక్షులు వానిమీదను పిల్లలను పెంచుచున్నవి.

ఇంత సంపద ఎట్లు తరిగెను? 1970వ దశకము నుండి సరస్సు గర్భములో గట్లు లేచి చేపలచెరువులు వెలసెను. తొలుత అవి మత్స్యకారుల సహకార సంఘముల పేర త్రవ్వబడెను. క్రమముగా పెట్టుబడిదారుల చేతిలోనికి పోయెను. శీలావతి, బొచ్చె చేపలు లారీలలో దూరదేశములకు పోయెను. ఊరికి డబ్బు వచ్చెను. కాని గట్ల మధ్య నీరు నిలిచిపోయెను, మురుగు చేరెను, గుర్రపుడెక్క అలముకొనెను. నాటు చేప తగ్గెను.

1999లో ప్రభుత్వము అయిదడుగుల కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో కొల్లేరు రాంసర్ ఒడంబడిక జాబితాలో చేరెను. 2006లో అభయారణ్యములోని చెరువుల గట్లను ప్రభుత్వమువారు తెగగొట్టించిరి. సరస్సు కొంత ఊపిరి పీల్చుకొనెను. అయితే ఆ చెరువులపై కూలి చేసికొని బ్రదికిన బీదలకు పని పోయెను. ఈ రెండును నిజములే. పక్షిని కాపాడి మనిషిని మరచుటయు, మనిషి పేరు చెప్పి సరస్సును మ్రింగుటయు రెండును అన్యాయములే.

కొల్లేరు పక్షులకు మాత్రమే కావలసినదని యెంచువారు 2024 సెప్టెంబరును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. బుడమేరు పొంగి విజయవాడలో అనేక పేటలు నీట మునిగెను. ఆ ఏటి నీరు తుదకు చేరవలసినది కొల్లేటికే. వరదను పట్టి యుంచి, మెల్లగా సముద్రమునకు విడుచు ఈ పల్లము గట్లతో నిండినచో, ఆ నీరు పొలములమీదను ఇండ్లమీదను పడును.

ఇందు గ్రంథాలయమునకు పని యేమని కొందరడుగవచ్చును. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా కాలువ గ్రామములకు పడవమీద పుస్తకములను చేర్చిరి. నాడు పుస్తకము నీటిమీద ప్రజల యొద్దకు వచ్చెను. నేడు నీటి కథ ప్రజల నుండి పుస్తకములోనికి రావలెను. ఏ యేట నీరెంత యెత్తు లేచెనో, ఏ మావులో ఏ చేప పడెడిదో, ఏ పక్షి ఏ నెలలో దిగెడిదో చెప్పగల వృద్ధులు ప్రతి లంకలోను ఉన్నారు. వారు పోయిన పిమ్మట ఆ విద్య ఏ బీరువాలోను దొరకదు. చదువుకొన్న యువకులు ఒక్కొక్కరు ఒక్క వృద్ధుని యొద్ద కూర్చుండి, విన్నది వ్రాసి ఇచటి అరలో నుంచినచో, స్వర్ణోత్సవము నాటికి అదియే ఈ గ్రంథాలయపు విలువైన గ్రంథమగును.