షాపు నుంచి కార్ఖానాకు: వైల్డ్‌క్యాట్ తూటాల చరిత్ర



పనిముట్టు ఏదైనా సరే, దాన్ని మొదట ఎవరు చేశారో చెప్పాకే లేత్ పని నేర్పిన మాస్టారు పాఠం మొదలుపెట్టేవారు. అందుకే ఆయన స్మారక సభలో అమెరికా పనివాళ్ల చరిత్ర ఒకటి చెప్పాలనుకున్నాను.

ఏ కంపెనీ కేటలాగులోనూ లేకుండా, తుపాకి పనివాడు తన షాపులో తానే రూపొందించుకున్న రైఫిల్ తూటాను అక్కడ వైల్డ్‌క్యాట్ అంటారు. సాధారణంగా ఉన్న తూటా ఇత్తడి కేసునే తీసుకుంటారు. దానికి పలచగా నూనె రాసి ఉక్కు డైలోకి నొక్కుతారు. మెడ సన్నబడి, చిన్న గుండు పట్టేలా తయారవుతుంది. నూనె చాలకపోతే కేసు డైలో బిగుసుకుపోతుంది. ఎక్కువైతే మెడ కింద వాలుగా ఉండే భుజం మీద సొట్టపడుతుంది. ఆ కొత్త కేసుకు సరిపోయే ఛాంబర్‌ను బ్యారెల్‌లో తొలవడానికి రీమర్ కూడా విడిగా చేయించాలి.

ఇలాంటి తూటాల్లో .22 హార్నెట్ తొందరగా గట్టెక్కింది. 1920ల చివర టౌన్‌సెండ్ వీలన్, గ్రోవెనర్ వాట్‌కిన్స్ వంటివారు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో దాన్ని తీర్చిదిద్దారు. 1930లో వించెస్టర్ తూటాలు అమ్మకానికి పెట్టింది. అప్పటికి దానికి కంపెనీ రైఫిలే లేదు. 1934లో రెమింగ్టన్, నెడ్ రాబర్ట్స్ రూపొందించిన తూటాను .257 రాబర్ట్స్‌గా విడుదల చేసింది. ఆయన పేరు ఉంచింది గాని, భుజం వాలును 15 డిగ్రీల నుంచి 20కి మార్చింది.

అందరికీ ఇంత త్వరగా దారి దొరకలేదు. 1915లో చార్లెస్ న్యూటన్ సావేజ్ కంపెనీకి .250-3000 చేసిచ్చాడు. దాని మెడను .22కు తగ్గించి 1930లలో పలువురు ప్రయోగాలు చేశారు. జెర్రీ గెబీ తన రూపానికి వార్మింటర్ అని పేరు పెట్టి, ఆ పేరును ట్రేడ్‌మార్క్ చేసుకున్నాడు. తక్కినవాళ్లు .22-250 అనే అన్నారు. 1963లో, కార్ఖానా తూటాలు లేకుండానే, బ్రౌనింగ్ ఆ ఛాంబర్‌తో రైఫిళ్లు అమ్మింది. 1965లో రెమింగ్టన్ ఆ తూటాను తనదిగా చేసుకుంది.

ఈ ఆలస్యమంతా కంపెనీల నిర్లక్ష్యమే అనుకోకూడదు. ఎ.ఓ. నీడ్నర్ 1920లోనే .30-06 కేసు మెడను తగ్గించి .25-06 చేశాడు. అంత పెద్ద కేసు నుంచి అంత సన్నని గుండును తోయాలంటే నెమ్మదిగా కాలే తుపాకి మందు కావాలి. అప్పట్లో అది లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 20 మిల్లీమీటర్ల ఫిరంగులకు వాడగా మిగిలిపోయిన 4831 మందును బ్రూస్ హాడ్జ్‌డన్ కొని చిల్లరగా అమ్మాడు. దాంతో నీడ్నర్ ఆలోచన అసలు సత్తా బయటపడింది. రెమింగ్టన్ దాన్ని 1969లో స్వీకరించింది.

ఉన్న కేసునే మరో దారిలో మార్చినవాడు పి.ఓ. ఆక్లే, కొలరాడోలోని ట్రినిడాడ్‌లో తుపాకి పని బోధించిన గురువు. కేసు గోడలను నిటారుగా చేసి, భుజాన్ని 40 డిగ్రీలకు వంచడం ఆయన పద్ధతి. మామూలు కార్ఖానా తూటాను ఆ ఛాంబర్‌లో పేలిస్తే, ఇత్తడి వ్యాకోచించి కొత్త రూపానికి వస్తుంది. ఆయన 1989లో కన్నుమూశారు. .280 ఆక్లే ఇంప్రూవ్డ్‌ను నాస్లర్ కంపెనీ ప్రామాణికం చేయించింది 2007లో.

ప్రామాణికం కావడంతో ఏం ఒరిగిందో చూడాలి. ఒకే పేరు పెట్టుకున్నా, రెండు షాపుల ఛాంబర్లు ఒకే కొలతలో ఉంటాయన్న భరోసా అంతకుముందు లేదు. బోల్టు ముఖానికీ తూటాకూ మధ్య సందు మితిమీరితే, పేలినప్పుడు ఇత్తడి సాగుతుంది, అడుగుభాగానికి దగ్గరలో తెగిపోనూవచ్చు. 1926లో ఏర్పడ్డ తయారీదారుల సంస్థ సామీ తూటాకూ ఛాంబర్‌కూ కొలతలు, పీడనానికి హద్దు ప్రకటిస్తుంది. ఆ తర్వాత ఒకరు చేసిన రైఫిల్‌లో, అతని ముఖమైనా చూడని మరొకరి తూటా ధైర్యంగా వాడవచ్చు.

రూపం కనిపెట్టిన గౌరవం పనివాళ్లదే. వాళ్ల చేతిలోని విద్యను పదిమందికీ క్షేమంగా అందించిన గౌరవం ఆ కొలతల పట్టికది. ఈ రెండో పనిని మన షాపుల్లో చిన్నచూపు చూస్తున్నాం. మీరు కొత్తగా ఒక జిగ్ చేసినా, డై చేసినా దాని డ్రాయింగ్ గీయండి, హద్దులు రాయండి, చేసినవారి పేరు కింద వేయండి. అప్పుడే మీ పని మీ తర్వాతా బతుకుతుంది, మరొకరి చేతుల్లో ఇంకా మెరుగవుతుంది.