మనోవ్యాధి – ఇంటివారి కర్తవ్యము



జ్వరము వచ్చినవానిని వైద్యునొద్దకు తీసికొనిపోవుటకు ఎవ్వరును సిగ్గుపడరు. మనస్సునకు జబ్బు చేసినచో మాత్రము, ముమ్మిడివరములో నేమి, లంక గ్రామములలో నేమి, ఇల్లు తలుపు మూసికొనును. గాలి సోకినదని తాయెత్తు కట్టుదురు. సంగతి బయటపడినచో పిల్లల పెండ్లిండ్లు చెడునని బెంగపడుదురు. ఈ దాపరికమున నెలలు గడచును, జబ్బు ముదురును.

దాపరికము సంకెలగా మారినచో ఏమగునో 2001 ఆగస్టు 6న దేశమునకు తెలిసినది. తమిళనాడులోని ఏర్వాడి దర్గా చెంత నొక ప్రైవేటు ఆశ్రయమునకు ఆ వేకువను నిప్పంటుకొనెను. గొలుసులతో కట్టియుంచుటచే పారిపోలేక 28 మంది రోగులు మరణించిరి. ఇట్టి చోట్ల రోగులను విడుచువారు పగవారు కారు. దారి తోచని తల్లిదండ్రులు, తోబుట్టువులే. 2018 మే 29 నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసుతో బంధించుటను నిషేధించినది.

మరి దారి యేది? 1950–60 నడుమ అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగర్ దానిని చూపెను. ఆయన రోగుల బంధువులకు ఆసుపత్రి ఆవరణలోనే డేరాలు వేయించెను. జబ్బు ఎట్టిదో, రోగితో ఎట్లు మెలగవలయునో వారు అచ్చటనే నేర్చుకొని, తమవారిని ఇంటికి తీసికొనిపోయిరి. పిదప బెంగుళూరు మానసిక వైద్య సంస్థవారు తెలుగువారు పెక్కుమంది గల బళ్ళారి జిల్లాలో, గ్రామీణ ఆరోగ్య కేంద్రముల వైద్యులకు ఈ చికిత్సలో తరిఫీదు నిచ్చిరి. ఆ అనుభవమే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు పునాది యైనది.

ఆ సంవత్సరముననే నవంబరు 6న కోనసీమను తుపాను ముంచినది. కొబ్బరితోటలు కూలినవి, వేటకు పోయిన మత్స్యకారులు పెక్కుమంది తిరిగి రాలేదు. అట్టి దుఃఖము జబ్బు కాదు, సహజము. కాని నిద్ర, తిండి, పని మీది ధ్యాస వారములకొలది కోల్పోయినవారిని వైద్యునికి చూపవలయును. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మనోవైద్య విభాగము కలదు. 14416 నంబరునకు ఫోను చేసినచో రేయింబవళ్ళు ఉచితముగా సలహా లభించును.

ఇంటివారు గుర్తుంచుకొనవలసినవి కొన్ని గలవు. నెమ్మదించినదని మందు మానరాదు; వైద్యుడు చెప్పిననాడే మానవలయును. రోగికి వినవచ్చు మాటలు అబద్ధమని వాదింపరాదు. అతని భయమును ఓపికతో వినవలయును. చచ్చిపోదునన్న మాటను బెదిరింపుగా కొట్టివేయక, పురుగుమందు డబ్బాను అందుబాటు నుండి తీసివేయవలయును. చేయగలిగిన చిన్న పనిని అప్పగింపవలయును. రాత్రింబవళ్ళు కాచుకొనియుండు తల్లికి ఇరుగుపొరుగువారు ఒక పూట విశ్రాంతి కలిగించినను గొప్ప సాయమే.

మిగిలినది ఊరి వంతు. కోలుకొన్నవాడు మరల ఒకనాడు పత్రిక చదువుకొనుటకు గ్రంథాలయము మెట్లెక్కును. ఆనాడు గుసగుసలు మాని, బల్ల మీద కొంచెము జరిగి చోటిచ్చువాడే అతనికి సగము వైద్యుడు.