సగటు చెప్పని సంగతి



2016 ఏప్రిల్‌లో ఇక్కడ ఒంటారియోలోని అట్టవాపిస్కాట్ అనే ఆదివాసీ గ్రామం ఎమర్జెన్సీ ప్రకటించింది. ఒక్క రోజులోనే 11 మంది ఆత్మహత్యకు ప్రయత్నించారు. అప్పుడు మన వాళ్ల నోట విన్నమాట: "వాళ్లంతేనండీ, తాగుడు!" నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను.

బ్రిటిష్ కొలంబియాలో చాండ్లర్, లలోండ్ అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు 200 ఆదివాసీ సముదాయాల లెక్కలు విడివిడిగా తీసి 1998లో ప్రచురించారు. యువత ఆత్మహత్యల సగటు భయంకరంగానే ఉంది. కానీ సగానికి పైగా సముదాయాల్లో ఆ ఐదారేళ్లలో ఒక్కటీ జరగలేదు. సగటు ఎంత దాచేస్తుందో డేటాతో బతికే మనకి వేరే చెప్పాలా?

భూమి హక్కు కోసం నిలబడినచోట, బడి, వైద్యం, పోలీసు తమ చేతుల్లో ఉన్నచోట చావులు తక్కువ. సొంత భాష మాట్లాడేవాళ్లు ఎక్కువున్న చోటా అంతేనని 2007లో తేల్చారు. పిల్లల్ని ఇళ్ల నుంచి లాక్కెళ్లి భాష మాన్పించిన రెసిడెన్షియల్ స్కూళ్లు 1990ల దాకా నడిచాయి మరి!

కౌన్సిలర్లు కావాలి, కాదనను. వాళ్లని నియమించేది ఎవరన్నదే అసలు ప్రశ్న. ఈసారి మన ఎంపీని కలిసినప్పుడు వీసాలతో పాటు ఇదీ అడుగుదాం: ఆ డబ్బు, ఆ అధికారం గ్రామాల చేతికి ఎప్పుడిస్తారు?